పోర్ట్ లూయీలో ఒక పగలు: ఓడలు, మనుషులు, దోమలు

మారిషస్ విమానాశ్రయంలో పాస్‌పోర్టు అధికారి దగ్గరకు చేరేముందు ఆరోగ్యశాఖ వారిని దాటి వెళ్ళాలి. గత కొద్ది వారాలలో ఏయే దేశాలలో ఉన్నారు, జ్వరం గాని చలి గాని ఉన్నదా, ఇక్కడ ఎవరింట్లో దిగుతున్నారు అని అడుగుతారు. నేను ఉండేది ఇంగ్లండులో. అయితే అప్పటికి రెండు వారాలుగా హైదరాబాదులో మా అమ్మ దగ్గర ఉండి, అటునుంచే వచ్చాను. ఆ మాట చెప్పగానే అక్కడి అమ్మాయి నా చిరునామా, ఫోను నంబరు మరొకసారి సరిచూసుకుంది. ఆరోగ్య కార్యకర్త ఒకరు ఇంటికి వచ్చి మలేరియా పరీక్షకు రక్తం చుక్క తీసుకుంటారని మర్యాదగా చెప్పింది.

పాతికేళ్ళకు పైగా రోగులను ఇటువంటి ప్రశ్నలే అడుగుతూ వచ్చిన వైద్యుణ్ణి. నేనే జవాబు చెప్పవలసి వచ్చేసరికి ఎక్కడో కొంచెం గుచ్చుకుంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనిపెట్టినది మా సికింద్రాబాదు బేగంపేటలో. ఆ ఊరినుంచి వచ్చినవాడి నెత్తురు చూడందే ఈ చిన్న ద్వీపానికి నిద్రపట్టదు. ఆ జాగ్రత్తకు కారణం ఏమిటో పుస్తకాలలో కొంత చదివి ఉన్నాను. మరునాడు రాజధాని పోర్ట్ లూయీని కాలినడకన చూస్తూ తిరిగినప్పుడు ఆ చదివినది వీధుల్లో, కొండల్లో, మెట్లమీద కనబడింది. ఒక రేవుపట్నాన్ని జ్వరం ఎలా మలచింది, ఆ జ్వరానికి నేరం ఎవరిమీద పడింది అన్నదే ఈ వ్యాసం.

మా కాలేజీ సహాధ్యాయి ఇల్లు క్యూర్‌పిప్‌లో ఉంది. ద్వీపం నడుమ పీఠభూమిమీద, సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉండే చల్లని ఊరు అది. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం గనుక గొడుగు లేకుండా ఎవరూ గడప దాటరు. అక్కడినుంచి రేవుదాకా ఇప్పుడు మెట్రో రైలు ఉంది. 2020లో రోజ్ హిల్ వరకు మొదలై, 2022 నాటికి క్యూర్‌పిప్ చేరింది. ఇది చాలావరకు పాత రైలుదారి వెంటనే సాగుతుంది. ఆ పాత దారి 1865లో తెరిచిన మిడ్‌లాండ్ లైను. 1956లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. ఉదయం ఏడింటికి ఎక్కితే నిలబడడానికి కూడా చోటు దొరకలేదు. గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు, లాయర్లు, అందరూ కొండ దిగి పట్నానికి పోయేవారే. దారిలో ఒక స్టేషను పేరు కోరమాండల్ అని ప్రకటించినప్పుడు నాతోపాటు ఇంకెవరైనా ఉలిక్కిపడ్డారా అని చుట్టూ చూశాను. ఎవరూ ఫోనులోంచి తలెత్తలేదు.

పోర్ట్ లూయీ భూగోళం అర్థం కావడానికి రేవు ఒడ్డున కోడాన్ దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. ఎదుట సముద్రం. వెనక అర్ధచంద్రాకారంలో కొండలు: బొటనవేలు ఎత్తినట్టుండే ల పూస్, నెత్తిన బండరాయిని మోస్తున్న పీటర్ బోత్. రెండూ ఎనిమిది వందల మీటర్లు పైబడినవి. ఆగ్నేయంనుంచి వీచే వ్యాపార పవనాలను ఆ కొండలు అడ్డుకుంటాయి. తెరచాపల ఓడలకు ఇంతకంటె క్షేమమైన చోటు దొరకదు. మనుషులకు మాత్రం గాలాడని గిన్నె. కొండలమీదనుంచి దిగే వాగులు పట్నం మధ్యగానే రేవులో కలుస్తాయి. వాటిలో రుయిసో ద్యు పూస్ అనే వాగును కాలువగా కట్టి, పైన కప్పువేసి మరచిపోయారు. 2013 మార్చి 30న కుండపోత కురిసినప్పుడు నీళ్ళు కోడాన్‌కు పోయే భూగర్భ నడకదారిని ముంచెత్తాయి. ఆరోజు వరదల్లో 11 మంది చనిపోయారు. ఆ నడకదారిలోంచే నేను రోడ్డు దాటాను. గాలి తక్కువ, నీరు ఎక్కువ అన్న ఈ రెండు మాటలు పాఠకులు గుర్తుంచుకోవాలి, కాసేపట్లో పని ఉంది.

రోడ్డు దాటితే ప్లాస్ దార్మ్. రెండు వరసల తాటిజాతి చెట్ల మధ్య చివరిదాకా పచ్చిక. మొదట్లో సముద్రంవైపు చూస్తూ మాహే ద లా బూర్డొనే విగ్రహం. మా పదో తరగతి చరిత్ర పుస్తకంలో డూప్లే పక్కన ఒక్కసారి తళుక్కుమని మాయమయ్యే పేరు ఇది. 1746లో ఇంగ్లీషువాళ్ళనుంచి మద్రాసును పట్టుకున్న నావికాధికారి ఆయనే. అంతకు పదకొండేళ్ళముందు, 1735లో, ఫ్రెంచి గవర్నరుగా వచ్చి ఈ రేవును రాజధానిగా చేశాడు. ఓడలు బాగుచేసే రేవులు, ఆసుపత్రి, నీటి కాలువలు కట్టించాడు. కట్టినవారు ఆఫ్రికానుంచి, మడగాస్కర్‌నుంచి తెచ్చిన బానిసలు; పుదుచ్చేరి తీరంనుంచి వచ్చిన తాపీ పనివారు, వడ్రంగులు. వారు నివసించిన తూర్పు శివారుకు మలబారుల పేట అని పేరు పడింది. దక్షిణాదివారందరినీ మలబారులే అనడం ఫ్రెంచివారి అలవాటు. 1810లో ద్వీపం బ్రిటిషువారి చేతికి వచ్చింది.

ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల గురించి ఎక్కువ చెప్పను. డోడో పక్షి అస్థిపంజరం అక్కడ ఉంది, ఒకే పక్షికి చెందిన ఎముకలతో దాదాపు పూర్తిగా దొరికినది అదొక్కటే. దాన్ని కొండల్లో వెతికి పట్టినవాడు ఒక మంగలి. ఓడలతోపాటు వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు ఆ పక్షి గుడ్లను తినివేశాయని పక్కన రాసి పెట్టిన మాట మాత్రం నాతోపాటు బయటికి వచ్చింది. ఓడ ఎక్కించిన సరుకు జాబితాలో లేని ప్రాణులు కూడా ఓడ దిగుతాయి.

సెంట్రల్ మార్కెట్‌లో మధ్యాహ్నానికి ముందే ఆకలి వేసింది. ఇక్కడి ధోల్ పూరీ మన బొబ్బట్టుకు దూరపు చుట్టం: తీపి లేదు, శనగపప్పు పొడిగా నూరి మధ్యలో పెట్టి పల్చగా కాలుస్తారు. ఎప్పుడూ రెండు కలిపే ఇస్తారు, లోపల కూర, టమాటా రుగాయ్, పచ్చిమిరప పచ్చడి. పప్పువడలాంటి గాతో పిమాఁ కూడా తిన్నాను. తరువాత మూలికల దుకాణం ముందు నిలబడ్డాను. ఎండుటాకుల కుప్పలమీద అట్టముక్కలు. ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క రోగం పేరు. కడుపునొప్పికి అయపానా ఆకు. మధుమేహానికి మూడు రకాలు ఉన్నాయి, అమ్ముడు పోతున్నదీ అవే. ప్రపంచంలో మధుమేహం అధికంగా ఉన్న దేశాలలో మారిషస్ ఒకటి. జ్వరానికి ఏముందని అడిగితే దుకాణదారు ఒక కట్ట చూపించి, "ఇది మామూలు జ్వరానికి. ఆ పాత జ్వరం ఇప్పుడు లేదు" అన్నాడు. ఆ పాత జ్వరం ఏదో అతను చెప్పలేదు, నేను అడగనూ లేదు.

రాయల్ రోడ్డు వెంట జుమ్మా మసీదు, చైనాబజారు దాటి, షాం ద మార్స్ గుర్రప్పందాల మైదానాన్ని చుట్టి, ఎండలో చెమటోడుస్తూ సిటడెల్ కొండ ఎక్కాను. ఈ మైదానంలో 1812నుంచి పందాలు జరుగుతున్నాయి. 1968 మార్చి 12న స్వతంత్ర మారిషస్ జెండా ఎగిరిందీ ఇక్కడే. సిటడెల్ అంటే నల్లరాతి కోట, 1834లో మొదలుపెట్టి 1840లో ముగించారు. బానిసత్వాన్ని రద్దుచేస్తే తోటల యజమానులైన ఫ్రెంచివారు తిరగబడతారేమోనన్న భయం ఆ కట్టడానికి ఒక కారణం అంటారు. ఆ కోట ఫిరంగులు యుద్ధంలో పేలవలసిన అవసరం రాలేదు. పట్నంమీద పడిన శత్రువు ఫిరంగికి కనబడే జాతి కాదు.

పైనుంచి చూస్తే కథంతా ఒక్క చూపులో ఆనుతుంది. గోడకు ఆనుకుని కూర్చుని నాకు నేను చెప్పుకున్నది ఇక్కడ క్రమంగా చెబుతాను.

బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. అప్పటికే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు ఒప్పందంమీద దిగారు. అది మొదలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలదాకా వచ్చినవారు అయిదు లక్షలకు కాస్త తక్కువ. కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులనుంచి వచ్చారు. తెలుగువారిలో కొందరిని కోరింగ రేవు పంపింది. అందుకే మారిషస్‌లో తెలుగువారికి చాలాకాలం కొరింగీలని పేరు. వీరిలో ఎంతోమంది మలేరియా సర్వసాధారణమైన ఊళ్ళనుంచి వచ్చినవారు, నెత్తురులో ఆ క్రిమిని మోసుకొచ్చినవారు వందలూ వేలూ ఉండి ఉంటారు. అయినా ముప్పై ఏళ్ళపాటు ద్వీపంలో మలేరియా పుట్టలేదు. వచ్చినవాడికి వణుకు వచ్చేది, తగ్గేది, లేదా అతను చనిపోయేవాడు. పక్కవాడికి అంటేది కాదు.

1865లో అక్కడక్కడా మొదలై, 1866 చివరికల్లా జ్వరం తీరప్రాంతమంతా పాకింది. 1867లో మూడున్నర లక్షల లోపు జనాభా ఉన్న ద్వీపంలో ఆ ఒక్క ఏడాదే ముప్పై వేలమందికి పైగా జ్వరంతో చనిపోయారు. అంటే ప్రతి పన్నెండుమందిలో దాదాపు ఒకరు. పోర్ట్ లూయీకి తగిలిన దెబ్బ అన్నిటికంటె పెద్దది. క్వినైన్ చాలలేదు, దొరికినది పేదల చేతికి అందే ధర కాదు. శవాలకు పట్నం శ్మశానాలు సరిపోక ఉత్తరాన బ్వా మార్షాఁ అనే చోట కొత్త శ్మశానం తెరిచారు. 1865, 1867ల మధ్య ఏం మారింది? మనుషులు మునుపటిలాగే వస్తున్నారు. మారినది దోమ.

తెలుగు మాధ్యమంలో చదువుకున్న మా తరానికి ఆడ అనాఫిలిస్ దోమ ఒక మార్కు ప్రశ్నకు జవాబు. ఆ ఒక్క మార్కులోనే అసలు కిటుకు ఉంది. మలేరియా రోగినుంచి ఇంకొకరికి నేరుగా రాదు. రోగి నెత్తురు తాగిన దోమ పొట్టలో క్రిమి పది రోజులో, రెండు వారాలో ఎదగాలి. అన్నాళ్ళూ ఆ దోమ బతికి ఉండాలి. ఆ తరువాత అది ఇంకో మనిషిని కుట్టాలి. ఏ దోమ పడితే ఆ దోమ ఈ పనికి రాదు, అనాఫిలిస్ కావాలి. మారిషస్‌లో 1860లకు ముందు ఆ జాతి లేదనే శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆఫ్రికా లేదా మడగాస్కర్‌నుంచి వచ్చిన ఓడలలో, నీటి పీపాల్లోనో, సరుకుల చాటునో, అనాఫిలిస్ గాంబియే తెగకు చెందినది ఒకటి, అనాఫిలిస్ ఫునెస్టస్ ఇంకొకటి ఇక్కడ దిగాయి. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణం పొట్టిదయ్యాక దోమ దారిలో చావకుండా ఒడ్డు చేరే అవకాశం పెరిగింది. దిగినచోట దానికి కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నాయి. చెరకు కోసం అడవులు నరికేశారు, వాగులు పూడి మడుగులయ్యాయి. 1864, 1865లలో రైలుమార్గాల కోసం మట్టి తవ్విన గుంటలనిండా వాననీరు. గాలాడని కొండగిన్నెలో కిక్కిరిసిన మనుషులు. వారిలో కొందరి నెత్తురులో ముప్పై ఏళ్ళుగా దోమకోసం ఎదురుచూస్తున్న క్రిమి.

నేరం దోమమీద పడలేదు, పడే వీలూ లేదు. దోమ సంగతి తెలియడానికి ఇంకా ముప్పై ఏళ్ళు పడుతుంది. విచారణ సంఘం కూర్చుంది. కొందరు చెడుగాలి అన్నారు, కొందరు రైలు గుంటలన్నారు, కొందరు అడవుల నరికివేత అన్నారు. చాలామంది నోట వినిపించినది మాత్రం వలస కూలీ పేరు. అదే 1867లో ద్వీపంలో కొత్త కూలీచట్టం వచ్చింది. ఒప్పందం ముగించుకుని స్వతంత్రంగా బతుకుతున్న భారతీయుడు కూడా తన ఫొటో అంటించిన పాసు ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. అది లేకుండా వేరే జిల్లాలో కనబడితే దేశదిమ్మరి కింద పట్టుకుపోతారు. ఆ చట్టానికి జ్వరమొక్కటే కారణమని అనను. కూలీలను తిరిగి తోటల్లోకి నెట్టాలన్న యజమానుల ఒత్తిడి అంతకంటె బలమైనది. అయినా భయపడిన సమాజం ఎవరి కదలికలను ముందు కట్టడి చేస్తుందో తెలుసుకోవడానికి ఆ సంవత్సరం చాలు. 1871లో 9,401 మంది పాత వలసదారులు పెట్టుకున్న అర్జీని అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని దొరల ముందుంచాడు. మరుసటి ఏడాది లండన్‌నుంచి రాయల్ కమిషన్ వచ్చి ఆ చట్టపు అమలును తప్పుపట్టింది.

కలవారు అర్జీలు పెట్టుకోలేదు, కొండెక్కారు. రెండేళ్ళముందే తెరిచిన మిడ్‌లాండ్ రైలు వారిని క్యూర్‌పిప్, వకోవా, రోజ్ హిల్ దాకా మోసుకుపోయింది. పగలు రేవులో వ్యాపారం, రాత్రి కొండమీద పడక. వైద్యులు వారికి చెప్పిన కారణం తప్పు: పల్లపు నేలనుంచి లేచే విషవాయువు. సలహా మాత్రం సరిగ్గా కుదిరింది, ఎందుకంటే చల్లని ఎత్తులో దోమ పొట్టలో క్రిమి ఎదుగుదల మందగిస్తుంది, దోమలూ తక్కువ. తప్పు సిద్ధాంతంతో సరైన వైద్యం చేసిన సందర్భాలు మా వృత్తి చరిత్రలో కొల్లలు. వాటిని చూసి గర్వపడాలో సిగ్గుపడాలో నాకు ఈనాటికీ తేలలేదు. రైలు టిక్కెట్టు కొనలేనివారు, అంటే రేవుకూలీలు, చాకళ్ళు, చిన్న దుకాణాలవారు, విముక్తులైన బానిసల పిల్లలు పల్లంలోనే ఉండిపోయారు. ఏ జాతివారు ఏ ఊళ్ళో ఉంటారన్న మారిషస్ పటంలో ఆ రెండు మూడేళ్ళ గీతలు ఇప్పటికీ చెరిగిపోలేదు.

నలభై ఏళ్ళ తరువాత, 1907 నవంబరులో, ఇదే రేవులో రోనాల్డ్ రాస్ దిగాడు. అప్పటికి నోబెల్ బహుమతి వచ్చి అయిదేళ్ళు. బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, సూక్ష్మదర్శినిలో కళ్ళు పోయేలా వెతికిన మనిషి ఇక్కడ మూడునెలలపాటు వాగులు, మడుగులు కొలుస్తూ తిరిగాడు. వేలమంది పిల్లల ప్లీహాలను పరీక్షించే ఏర్పాటు చేశాడు. మలేరియా పాతుకున్న చోట పిల్లలకు ఎడమ డొక్క కింద ప్లీహం గట్టిగా చేతికి తగులుతుంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు కడుపులో బల్ల కట్టిందనేవారు. వందమంది పిల్లల్లో ఎందరికి బల్ల ఉన్నదో లెక్కవేస్తే ఆ ఊళ్ళో మలేరియా తీవ్రత ఎంతో తెలిసిపోతుంది. మందులేదు, ప్రయోగశాల లేదు, చేతివేళ్ళు చాలు.

1908లో రాస్ ఇచ్చిన నివేదికలో వైద్యానికంటె గణితానికి చెందిన పేజీలు కొన్ని ఉన్నాయి. నా దృష్టిలో బేగంపేట ఆవిష్కారం తరువాత ఆయన చేసిన గొప్ప పని అదే. ద్వీపంలో ఉన్న దోమలన్నిటినీ చంపడం సాధ్యం కాదు గనుక మలేరియాను పోగొట్టడమూ సాధ్యం కాదని ఆనాటి వాదన. రాస్ లెక్క వేరు. నేను నా అంకెలతో చెబుతాను. ఒక రోగిని అతని జబ్బు కాలంలో వంద దోమలు కుట్టాయనుకుందాం. క్రిమి ఎదిగేదాకా బతికేవి మూడు. వాటిలో మళ్ళీ మనిషిని కుట్టి జబ్బు అంటించేది ఒకటి. అప్పుడు ఒక రోగికి బదులు ఒక రోగి. జబ్బు తగ్గదు, పెరగదు. దోమలను వందనుంచి అరవైకి తగ్గిస్తే పది మంది రోగులకు బదులు ఆరుగురే వస్తారు, తరువాతి విడతలో ముగ్గురో నలుగురో, అలా అలా జబ్బు ఆరిపోతుంది. దోమ ఒక్కటి కూడా మిగలకూడదన్న పట్టింపు అక్కర్లేదు, ఒక హద్దు కిందికి తెస్తే చాలు. ఒక రోగి ఎంతమందికి అంటిస్తాడు, ఆ సంఖ్య ఒకటికి పైనా కిందా అని కోవిడ్ రోజుల్లో ప్రతి వార్తాపత్రికా మన చేత లెక్కపెట్టించింది గదా. ఆ ఆలోచన తొలిసారి గణితరూపం దాల్చిన చోట్లలో ఈ ద్వీపం ముఖ్యమైనది. సిటడెల్‌మీద దానికి ఫలకమేదీ నాకు కనబడలేదు. ఫిరంగులున్నాయి.

కొండ దిగి రేవు ఒడ్డుకు తిరిగి వచ్చేసరికి మూడయింది. ఉత్తరపు ఊళ్ళకు పోయే బస్సుల గోల మధ్య, పెద్ద రహదారికి అవతల, ఆప్రవాసీ ఘాట్. ఒకప్పుడు దీని పేరు కూలీఘాట్. 1849లో కట్టడం మొదలుపెట్టిన ఈ డిపోలోనే ఓడ దిగిన ప్రతివారూ రెండు మూడు రోజులు ఉండి, వైద్యపరీక్ష అయ్యాక తోటలకు పంపకమయ్యేవారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉన్నదల్లా కొద్దిపాటి రాతికట్టడాలు. మిగతావి రహదారి కింద పోయాయి. కాపలాదారు గది, ఆసుపత్రి భాగం, వంటశాల పునాదులు, మరుగుదొడ్లు, నీటినుంచి పైకి వచ్చే మెట్లు.

నేను ఆసుపత్రి గోడల దగ్గరే ఎక్కువసేపు ఉన్నాను. నా వృత్తిలోని వాడొకడు ఇక్కడ నిలబడి నాలుకలు చూసి, కనురెప్పలు తిప్పి, పొట్ట నొక్కి, పనికి వస్తాడు, రాడు అని తేల్చేవాడు. పాపం అతనూ తెలిసినంతలోనే చూశాడు. అంతకుముందే ఓడలో కలరా ఉన్నదని తెలిస్తే ఒడ్డుకే రానిచ్చేవారు కాదు. 1856లో కలకత్తానుంచి వచ్చిన రెండు ఓడల కూలీలను ఉత్తరాన ఉన్న గాబ్రియెల్ ద్వీపంలో దింపేశారు. గూడులేదు, సరైన తిండీ నీరూ లేవు. రెండు వందలమందికి పైగా అక్కడే పోయారు. ఆ తరువాతే పక్కనున్న ఫ్లాట్ ద్వీపంలో సరైన క్వారంటైన్ కట్టడాలు లేచాయి. నోబెల్ రచయిత లె క్లేజియో క్వారంటైన్ నవలకు రంగస్థలం ఆ ద్వీపమే. మనుషులను అంత కఠినంగా నిలవేసిన ఈ రేవులోంచే, ఎవరూ అడగకుండా, అనాఫిలిస్ లోపలికి పోయింది.

మెట్ల పక్క నీడలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఇండియానా అని ఇంగ్లీషులో అడిగారు. తెలుగువాణ్ణన్నాను. ఆయన కాస్త సర్దుకుని కూర్చుని, ఒక్కొక్క మాటనూ వెతుక్కుంటూ, "నేను కూడా తెలుగు అండి. బడిలో నేర్చుకున్నాను. ఇంట్లో క్రియోల్" అన్నారు. వాళ్ళ ముత్తాతది వలసపత్రం నకలు తీయించుకున్నారట. అందులో ఒక నంబరు, ఓడ పేరు, తండ్రి పేరు ఉన్నాయి. ఊరు పేరు రాసిన అక్షరాలు ఎవరికీ అర్థం కాలేదు. ముత్తవ్వ జ్వరంతో పోయిందని మాత్రం ఇంట్లో చెప్పుకుంటారు. లఫియేవ్ అని క్రియోల్‌లో అన్నారు, ఏ జ్వరమో అడిగే అవసరం లేనట్టు.

"కొరింగ చూశారా మీరు? ఎలా ఉంటుంది?" అని అడిగారు.

చూశాను. 1839 నవంబరులో వచ్చిన పెనుతుపాను ఆ రేవును ముంచివేసింది. గోదావరి ఒండ్రు మిగతా పని చేసింది. ఇప్పుడు అక్కడ మడ అడవి, చెక్కల వంతెన, పిల్లలతో వచ్చే పర్యాటకులు ఉన్నారు. ఓడలేవీ లేవని చెప్పడానికి ఎందుకో నాలుక రాలేదు. "చెట్లు చాలా ఉన్నాయండీ, నీళ్ళలో పెరిగే చెట్లు" అన్నాను. ఆయన సంతోషించారు. ఉగాదికి ఇక్కడ ప్రభుత్వ సెలవు ఉంటుందని, ఆ రోజుకు రమ్మని పిలిచారు.

అయిదు దాటేసరికి పట్నం ఖాళీ అయింది. దుకాణాల షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దిగాయి. పొద్దున నిలబడడానికి చోటులేని వీధుల్లో పిల్లులు తిరుగుతున్నాయి. రేవుపట్నాలు సాయంత్రాలు వెలుగుతాయని నాకొక అభిప్రాయం ఉండేది. ఇక్కడ అందరూ స్టేషను వైపు నడుస్తున్నారు, 1867నుంచి నడుస్తున్నట్టే. నేనూ వారితో కొండెక్కాను.

ఆరోగ్య కార్యకర్త మరునాడు ఉదయం ఎనిమిదింటికే వచ్చింది. మలేరియా ఈ దేశంలో రెండుసార్లు పోయింది. 1949నుంచి జరిపిన డి.డి.టి. పోరాటంలో ఫునెస్టస్ దోమ ద్వీపంలో అసలే లేకుండా పోయింది. 1973లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మలేరియా లేని దేశంగా గుర్తించింది. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుపాను వేల ఇళ్ళు కూల్చింది. కట్టడానికి బయటి దేశాలనుంచి పనివారు వచ్చారు, కొత్తగా కట్టిన కాంక్రీటు మిద్దెల చదునైన కప్పులమీద వాననీరు నిలిచింది. మిగిలిన రెండో జాతి దోమకు అంతకంటె ఏం కావాలి? జబ్బు తిరిగి వచ్చింది. మళ్ళీ పోగొట్టడానికి 1998దాకా పట్టింది. ఆ దోమ ఇంకా ఉంది, హద్దు కింద. అందుకే వచ్చేవారి నెత్తురు చూస్తారు. పాసు అడగరు, జిల్లా దాటవద్దనరు, నిర్బంధించరు. ఒక్క చుక్క తీసుకుని, మీ పని మీరు చూసుకోండంటారు. 1867లో లేనిది, ఈ రోజు ఉన్నది ఆ తేడాయే. దాని విలువ నాకు విమానాశ్రయంలో తట్టలేదు.

వేలు చాపుతూ చిన్నప్పటి మాట చెప్పాను. మా ఊళ్ళో పదిహేను రోజులకొకసారి మలేరియా ఉద్యోగి సైకిల్‌మీద వచ్చి, జ్వరం ఉన్నదా అని అడిగి, ఉన్నవారి వేలు పొడిచి, వచ్చిన తేదీ మా వీధి గోడమీద రాసిపోయేవాడు. సున్నం వేయించినా ఆ తేదీలమీద వేయవద్దని మా నాన్న అనేవారు. ఆ అమ్మాయి నవ్వి, "ఇక్కడ గోడమీద రాయం సర్, ట్యాబ్‌లో రాస్తాం" అన్నది. గాజుపలకమీద చుక్కను పరిచి, ఆరనిచ్చి, ఎక్కడినుంచి వచ్చారన్న గడిలో హైదరాబాదు అని నింపి, పక్కవీధిలో ఇంకొకరి ఇంటికి వెళ్ళిపోయింది.